పద్దెనిమిది తక్కువ

గ్లేస్ బేలో పొగమంచు పదింటికి గానీ లేవదు.
మందుల షాపు షట్టర్ నేనెత్తేసరికే
గుమ్మంలో ఇష్‌బెల్ మెకాస్కిల్.
చంకలో బిస్కెట్ల రేకుడబ్బా,
మూత మీద సగం చెరిగిన గుర్రబ్బండి.

"ఇవి మీరు తీసుకుంటారటగా.
చెత్తలో వెయ్యకూడదటగా."
తీసుకుంటామన్నాను.
కౌంటర్ మీద బోర్లించింది.

మొగుడి చివరి ఏడాదిన్నర గలగలా దొర్లింది:
రక్తపోటు బిళ్ళలు, గడ్డకట్టిన దగ్గు మందు,
ముక్కు విరిగిన కంటిచుక్కల సీసా,
రెండు నొప్పి పట్టీలు.
ఒకటి వాడేసిందే, మడిచి దాచింది.
భుజం మీది తెల్ల వెంట్రుక ఒకటి
ఇంకా దానికి అంటుకునే ఉంది.

అన్నిటికన్నా ఆఖర్న తేనెరంగు సీసా.
చీటీ మీద అరవై అని ఉంది.

"లెక్కపెట్టు."
లెక్కతో పనిలేదమ్మా, పెట్టెలో పడితే చాలన్నాను.
"నాకు పనుంది."

నీలం పళ్ళెంలో ఐదేసి చొప్పున జరిపాను.
ముప్ఫై ఒకటి.
ఆయన మింగినవి పదకొండు.
పడవల కంపెనీ క్యాలెండర్ మీద
పదకొండు గీతలున్నాయట.
మరి పద్దెనిమిది?

"మనవణ్ణి అడిగాను," అంది,
నన్ను కాదు, పళ్ళేన్ని చూస్తూ.
"లాక్లన్‌కి పదిహేడేళ్ళు.
జేబులు తిరగేయించాను, పరుపు చింపాను,
దొంగవెధవా అన్నాను.
వాడు ఏడవలేదు. బూట్లు వేసుకున్నాడు.
న్యూ వాటర్‌ఫోర్డ్‌లో ఎవరి సోఫా మీదో పడుకుంటున్నాడు.
ఫోనెత్తడు."

ఖననం అయ్యాక చర్చి హాల్లో
కోడిగుడ్డు శాండ్‌విచ్‌లు తిరుగుతుండగా
కోట్లు తగిలించే మూలకి ఆమెను పిలిచాడట
హెక్టర్ గిల్లిస్.
"నీ మొగుడు బంగారం, ఇష్‌బెల్.
శుక్రవారం శుక్రవారం రెండేసి నా గుప్పిట్లో పెట్టేవాడు,
నా మోకాలు చూడలేక."
తొమ్మిది శుక్రవారాలు.
తర్వాత గొంతు తగ్గించి,
"ఇంకేమైనా మిగిలాయా?"

ఎముక లేని చెయ్యి ఆయనది.
విరిగింది వెన్నెముక.
ఇద్దరూ సముద్రం అడుగున బొగ్గు తవ్వినవాళ్ళు.
ఒకే డబ్బాలో రొట్టె తిన్నారు,
ఒకడి దీపం ఆరితే
రెండోవాడి వెలుగులో పైకొచ్చారు.
రొట్టె మీద పేరుండదు.
బిళ్ళకి ఉంటుందని, ఒక్కరిదే ఉంటుందని
ఆ చీకట్లో ఎవరు చెప్పారు వాళ్ళకి?
చీటీ అంటించి ఇచ్చింది నేనే.
నేనూ చెప్పలేదు.
పుణ్యానికి పోతే పాపం ఎదురవడమంటే
ఇంత చిన్నగా, ఇంత తెల్లగా ఉంటుందనుకోలేదు.

"టాయిలెట్లో పోసేద్దామనుకున్నా," అంది.
"ఆ పైపు రేవులోకే పోతుందిగా.
లాబ్‌స్టర్లకేం నొప్పులు, పాపం."
నవ్వబోయి ఆగింది.

సీసా మీది పేరు నల్ల మార్కర్‌తో కొట్టెయ్యాలి.
అది నా పని.
మెకాస్కిల్ దగ్గర నా చెయ్యి ఆగింది.
మార్కర్ లాక్కుని తనే కొట్టేసింది,
ఒక్క గీతతో,
క్యాలెండర్‌లో పన్నెండో గీతలా.

"ఏం చేస్తారు వీటిని?"
దూరంగా తీసుకెళ్ళి కాలుస్తారు.
"ఎవరూ ఏరుకోలేరుగా?"
లేరు.

గోడకి బిగించిన ఇనప పెట్టె నోట్లో
ఒక్కొక్కటే వేసింది.
పట్టీ దగ్గర కాస్త ఆలస్యమైంది.

"కాగితం రాసివ్వు.
ముప్ఫై ఒకటి, నా చేతుల్తో ఇచ్చానని."
రశీదులివ్వం మేం.
అయినా ఫ్లూ టీకా కరపత్రం వెనక రాసి సంతకం పెట్టాను.
ఎవరికి చూపిస్తావని అడగలేదు.
న్యూ వాటర్‌ఫోర్డ్ బస్సు ఎన్నింటికని తనే అడిగింది.

ఖాళీ డబ్బా చంకలోనే వెళ్ళింది.
నడకలో చప్పుడు లేదు.

నాలుగింటికి హెక్టర్ వచ్చాడు.
మోకాలి పూత కావాలన్నాడు, తీసుకున్నాడు,
డబ్బులిచ్చాడు, కదల్లేదు.
చొక్కా మెడ చెమటతో తడిసి ఉంది.
బయట మంచు కురుస్తోంది.
"ఒకటి అడగాలి," అన్నాడు,
ఇనప పెట్టె వైపు చూడకుండా ఉండటానికి
నన్నే చూస్తూ.

పక్క గది తలుపు తీశాను.
అందులో రెండు కుర్చీలుంటాయి.
ముందు నేను కూర్చున్నాను.