రవ్వంత అబద్ధం

కుతైసీ సంగీత పాఠశాలకి
ముప్పై నాలుగు మెట్లు.
సంచీ భుజం మార్చుకుంటూ ప్రతిసారీ లెక్కపెడతాను,
పైకి చేరేలోగా ఎవరో ఒకరు ఆపి
"మక్వాలా, నీకసలేమీ వినపడదట కదా"
అనేస్తారేమోనని.

ఇంతవరకూ ఎవరూ ఆపలేదు.
హాలు ఊడ్చే లామారా అయితే
"వచ్చారా ఉస్తాద్" అంటూ తాళంచెవి చేతిలో పెడుతుంది.
నేను వెనక్కి తిరిగి చూస్తాను
వాఖుష్తి గారు గానీ వస్తున్నారేమోనని.

ఆయన పోయి రెండు చలికాలాలు.
శ్రుతిదండం, తోలుసంచీ,
ఎవరింట్లో ఏ పియానోకి ఏ రోగమో రాసుకున్న పుస్తకం
నాకొచ్చాయి.
చెవి మాత్రం ఆయనతోనే మట్టిలోకి వెళ్ళిపోయింది.

శనివారం కచేరీ.
నాలుగు రోజుల వానకి ఉబ్బి, నల్లగా,
అలిగిన గేదెలా ఉంది పియానో.
తీగ బిగిస్తాను. సరిపోయిందా?
ఇంకాస్త. ఎక్కువైందా?
రెండు స్వరాల మధ్య
గిన్నెలో నీళ్ళ వణుకు.
వణుకు తీగదో నాదో తెలీదు.

మొదటేడు ఒకసారి,
మెప్పు కోసం, పంచమాలన్నీ నిఖార్సుగా బిగించాను.
పదకొండూ పాలమీగడలా పలికాయి.
పన్నెండోది తోడేలై ఊళపెట్టింది.
పొద్దుతిరుగుడు గింజలు నములుతున్న వాఖుష్తి గారు
పొట్టు పొరబోయేంత నవ్వి,
"లెక్కలో మిగిలేది ఎక్కడికి పోతుందే పిల్లా?
అంతా ఒకదాని నెత్తినే వేస్తే ఏడవదూ?
పంచు. ప్రతి తీగకీ రవ్వంత అబద్ధం.
అప్పుడే అన్నీ కలిసి నిజం పాడతాయి."

ఆ మాట పియానోకి వాడుతూనే ఉన్నాను.
నాకు వాడుకోవచ్చని తోచలేదు.
తెలియనిదంతా పోగేసి
నాలో ఒకే తీగకి కట్టి
రాత్రిళ్ళు దాని ఊళే వింటూ పడుకున్నాను.
మిగతావీ మోగుతున్నాయేమో,
ఎవరు విన్నారు?

సాయంత్రానికి చివరి మీట.
రెండు చేతులా పెద్ద స్వరగుచ్ఛం ఒకటి నొక్కి వదలకుండా ఉన్నాను.
కిటికీ అద్దాలు సన్నగా అదిరాయి.
లామారా తుడుపుకర్ర ఆపింది.
మెచ్చుకుంటుందేమో అనుకున్నాను.
"తలుపు వేసుకుని వెళ్ళు, చలిగాలి" అంది.

దిగేటప్పుడు మెట్లు ముప్పై మూడే వచ్చాయి.
ఎక్కడో ఒకటి తప్పాను.
కాసేపు కింద నిలబడ్డాను.
మళ్ళీ ఎక్కి లెక్కపెట్టలేదు.