మొదటి అరగంట

ఎదురు ఓటు లేకుండా కౌన్సిల్ మమ్మల్ని కుదుర్చుకుంది.
వాననీటికి జమాఖర్చులు రాయాలి, మూడేళ్ళు.

పసిఫిక్ ఒడ్డున, కర్లూ వీధి చివర
తెల్లారగట్ల నాలుగింటికి
తూము నోటి దగ్గర సీసా పట్టుకు కూచున్నాను.
మొదటి అరగంట నీళ్ళే కావాలి:
ఎండాకాలమంతా ఊరు మింగింది
అందులోనే కక్కుతుంది.

ఊడ్పుబండి ఆపి దిగాడు ఎవరిస్టో.
ఇరవై రెండేళ్ళ చీపురు.
"ఆ జిడ్డు గేర్‌బాక్సుల షెడ్డుది.
ఆ నురగ శుక్రవారాలే. చేపల లారీలు కడుగుతారు.
ఎవరూ అడగలేదు."

నమూనా పదిహేడు, అని అంటించి
అతని పేరు స్పెల్లింగు అడిగి
తడి కాగితం మీద రాసుకున్నాను. సిరా పాకింది.

నివేదిక రెండువందల పన్నెండో పేజీలో
"స్థానిక సమాచారం" అన్నాను.
గంటకి నూటఎనభై డాలర్ల బిల్లు మీద
నా పేరు అక్షరం పొల్లుపోలేదు.

ఇవాళ శుక్రవారం.