కరెంటు బిల్లు నకలు

మర్రిపాలెంలో రవాణా ఆఫీసు గేటుకెదురుగా
నాదొక జిరాక్సు కొట్టు.
పేజీ రెండు రూపాయలు, ఫారం నింపితే ముప్పై,
సంతకం ఎక్కడ పెట్టాలో వేలుపెట్టి చూపించినందుకు
ఏమీ తీసుకోను.

మా పెరటి రేకుల గదిలో నలుగురు కుర్రాళ్లు.
గుణుపురం అవతలి కొండల నుంచి దిగినవాళ్లు.
అందులో సన్నటివాడు బిద్యాధర్ శబర్.
విద్యాధర్ అని నేను దిద్దితే
"కాదమ్మా, బ" అని నవ్వుతాడు.
గుమ్మాల మీది పేర్లు కూడబలుక్కుని
తెలుగు అక్షరాలు పట్టాడు, ఒక్కో పార్సిలుకి ఒక్కోటి.
రాత్రి పదకొండింటికి "అమ్మా, చార్జింగు" అంటాడు.
రాత్రికి పది రూపాయలు, నా మీటరుకి.
యూనిట్లు లెక్కేసుకున్నాను నేను. నాలుగు మిగులుతాయి.

వాడి బండి పాతిక దాటదు.
పాతిక దాటని బండికి లైసెన్సు అక్కర్లేదు,
నంబరు పలకా అక్కర్లేదు.
మంచి రూలే. ఎదురింటి డాక్టరుగారి పిల్ల,
పద్నాలుగేళ్లది, అలాంటి బండి మీదే
జడలెగరేసుకుంటూ ట్యూషనుకెళ్తుంది.

కానీ ఆ రూలు రాసినాయన
హనుమంతవాక ఎత్తు ఎక్కి ఉండడు.
మే నెల, మిట్టమధ్యాహ్నం, వీపు మీద పెట్టె,
బండి మూలుగుతుంది, సగంలో ఆగుతుంది.
వాడు దిగి తోస్తాడు.
ఫోన్లో ఎర్ర అంకెలు వెనక్కి నడుస్తుంటాయి.
ఎండాడలో ఎవరి బిర్యానీయో చల్లారితే
వాడి కూలిలో కోత.
ఆ గడియారం పెట్టినవాడికి ఏ లైసెన్సుందో తెలీదు,
నా కొట్టుకెప్పుడూ ఫారం నింపుకోడానికి రాలేదు.

తాటిచెట్లపాలెం మెకానిక్కు ఒక తీగ కత్తిరించాడు.
నూట యాభై తీసుకున్నాడు.
ఆ రోజు నుంచి కొండ ఒప్పుకుంది.

మద్దిలపాలెంలో ఆపారు.
స్టాండు వేసి, కానిస్టేబులు పిడి తిప్పితే
వెనక చక్రం గాల్లో తిరిగింది.
నలభై ఒకటి.
ఎవరూ ఎక్కకుండా, ఎక్కడికీ పోకుండా
నలభై ఒకటి.
"ఏటిరా, ఏ ఊరు? లైసెన్సేది?"
పెట్టెలో సాంబారు ఇంకా వేడిగానే ఉందట.

లైసెన్సు తీసుకుంటానన్నాడు. తీసుకోవాల్సిందే,
నేనూ అదే చెప్పాను.
దానికి చిరునామా కావాలి.
సొంతూరి కాగితం పట్టుకెళ్తే
సొంతూరి ఆఫీసుకే పొమ్మన్నారు.
వెళ్లిరాడానికి నాలుగు రోజుల కూలి,
తిరిగొచ్చేసరికి ఆ పని ఇంకొకడిది.
"అమ్మా, మన ఇంటి కరెంటు బిల్లు ఒక కాపీ."
మన ఇంటి అన్నాడు.

చూద్దాంలే అన్నాను.
అద్దె పత్రం రాస్తే ఇంటి పన్ను వాళ్లొస్తారని,
రేకుల గదికి ప్లాను లేదని,
రేపు వాడు ఖాళీ చెయ్యనంటే ఏటి చెయ్యాలని
మా ఆయన పోయాక నేర్చుకున్న భయాలన్నీ
ఒకేసారి గుర్తొచ్చాయి.
రోజుకి నలభై ఇళ్ల కరెంటు బిల్లులు
నా యంత్రం గాజు మీద బోర్లా పడుకుని లేస్తాయి.
మా ఇంటిది ఒక్కసారీ పడుకోలేదు.

మూడో రోజు రాత్రి
వాడు సింహాచలం రోడ్డు నుంచి నడిచొచ్చాడు,
చెప్పులు చేత్తో పట్టుకుని.
నేను లేచి కొట్టు షట్టరు తీసాను.
బిల్లు పెట్టాను. కింద నుంచి ఆకుపచ్చ వెలుతురు
ఒక గోడ నుంచి ఇంకో గోడకి పోయింది.

కాగితం ఇంకా వెచ్చగా ఉండగానే అందుకున్నాడు.
వేలితో అక్షరం అక్షరం చదివాడు.
"గొర్లె... అప్పల... నరసమ్మ.
ఈమె ఎవరమ్మా?"
"మా అత్తగారు. పోయి తొమ్మిదేళ్లయింది.
పేరు మార్పించలేదు."

వాడు కాసేపు ఆలోచించాడు.
వెటకారమేమీ లేదు గొంతులో,
నిజంగా సంతోషించినట్టే అన్నాడు:
"ఆమెకి అడ్రసు ఉంది."

ఆ రాత్రి పది రూపాయలు అడగలేదు నేను.
అడగడానికి బండి లేదు.
గోడకి ప్లగ్గు మాత్రం వేసే ఉంది,
ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది,
రేపు ఆఫీసు తలుపు తీసేదాకా.