హస్తవాసి

కుతైసీలో ఇంకా తెల్లవారలేదు.
రియోనీ నది మీది పొగమంచు
ఆసుపత్రి మూడో అంతస్తు కిటికీ దాకా వచ్చి
లోపలికి రావడానికి మొహమాటపడుతోంది.

చేతులు చూపించమన్నాను.
జాతకం చెబుతావా అని లమ్జీరా నవ్వింది.
ఎడమ చేయి చాపింది.
కుడిది కూడా, అన్నాను.

చూపుడు వేలి కొసన, గోరు పక్కన
ఆవగింజంత నీటి పొక్కు.
దాన్నానుకుని మరో రెండు, పుట్టబోతూ.

"అక్రోట్లు ఒలిచాను. పెంకు గీరుకుంది."
"ఎన్నాళ్ళయింది?"
"నిన్న. కాదు, మొన్న."
"సలుపుతోందా?"
జవాబు లేదు.
"గ్లవ్స్ వేసుకుంటున్నాగా" అంది చాలాసేపటికి.

అద్దం అవతల పదకొండు గాజుపెట్టెలు.
నాలుగో దానిలో పేరింకా పెట్టని పాప,
తొమ్మిది వందల నలభై గ్రాములు,
ఉల్లిపొర లాంటి చర్మం.
మనకైతే పెదవి మీద వారం రోజుల చిరాకు.
ఆ ఒంట్లో అది నిప్పు.
ఈ సంగతి కొత్త నర్సులకి
ఏటా పాఠం చెప్పేదే లమ్జీరా.

ఇరవై రెండేళ్ళ సర్వీసు.
ఎవరికీ దొరకని నరం ఆమెకి దొరుకుతుంది.
తల్లులు ఆమె డ్యూటీ ఎప్పుడో అడిగి మరీ
కళ్ళు మూసుకుంటారు.
హస్తవాసి అంటారే, అదే.
ఆ చేతికే ఇప్పుడు నేను
ప్రవేశం లేదని రాయాలి.

"జీతం కోస్తారా?"
కోయరు. పోయిన చలికాలమే రూలు మార్పించాను.
ఎందుకు పట్టుబట్టానో ఆమె అడగలేదు,
నేనూ చెప్పలేదు.
నాకప్పుడు ఇరవయ్యారు. జనవరి నెల. దగ్గు.
సెలవు పెడితే అద్దెకి చాలదు.
మాత్ర మింగి, మాస్కు బిగించి వచ్చాను.
ఏడో పెట్టె.
నావల్లేనని ఎవరూ తేల్చలేదు.
కాదని కూడా.

పొక్కులు ఎండి పెచ్చు రాలేదాకా
కింద రికార్డుల గదిలో పని.
పొక్కు నీరు పుల్లకి అద్ది ల్యాబుకి పంపాను.
రెండు రాత్రుల చార్టులు ముందేసుకుని
ఆమె ఎవరెవరిని ముట్టుకుందో
ఒక్కొక్క పేరు కింద గీత గీస్తున్నాను.
పేరు లేనిచోట అంకె కింద.

లమ్జీరా ఏప్రన్ మడిచి బల్ల మీద పెట్టింది.
తలుపు దాకా వెళ్ళి ఆగింది.
"నాలుగో దానికి ఎడమ కాలి నరం మంచిది.
కుడిది వెతకొద్దని చెప్పు. ఏడుస్తుంది."

రాసుకున్నాను.
తర్వాత మోచేతుల దాకా కడుక్కుని
ఎవరూ అడగకపోయినా
నా చేతులు లైటు కింద పెట్టి
తిప్పి తిప్పి చూసుకున్నాను.