ఖాళీ బండి తూకం

సిమెంటు ఫ్యాక్టరీ గేటు పక్క గదిలో
పంతొమ్మిదేండ్లుగా నా పని ఒకటే.
లారీ లోపలికి పోయేటప్పుడొక తూకం,
బయటికొచ్చేటప్పుడొక తూకం.
మధ్యలో ఉండే తేడాకే బిల్లు.

ఈ పొద్దు మాత్రం
భుజం మీద మార్కరుతో రాసిన నూటపదిహేడు
మైలవరం డ్యాం నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి
వణుకుతాంది.
చుట్టూ హైదరాబాదు, బెంగళూరు పిల్లోళ్ళు,
నల్ల రబ్బరు తొడుగుల్లో.
నాది పాత నిక్కరు.

విజిల్.

నీళ్ళంటే భయం లేదనుకున్నా.
నాపరాళ్ళ గనిగుంతలో ఈత నేర్చినోణ్ణి.
నడుముకు మునగబెండు కట్టి చిన్నాయన తోసేసినపుడు
అడుగు కనపడేది,
మెట్లు మెట్లుగా కోసిన బండ.
ఇక్కడ అడుగు లేదు.
ఎవరిదో మడమ నా పంటికి తగిలింది.
ఉప్పగా ఏందో మింగినా.
తలెత్తితే పుట్టిలో తెడ్డు పట్టుకొని చేపలోడు:
"అన్నా, కట్ట తట్టుకు పోతాండావు,
జెండా ఆ పక్కుంది!"
నిజమే.
ఉద్యోగంలో కూడా ఎప్పుడూ కట్ట వెంబడే ఈదినోణ్ణి.

సైకిలు ల్యాబులో కుర్రోడిది, ఎరువు.
గేర్లు ఇరవై ఒకటి, నాకు తెలిసినవి మూడు.
జమ్మలమడుగు దాటినంక రేగడి చేలు,
మంచు తాగిన బుడ్డశనగాకు పులుపు వాసన.
ఆడదాకా సైకిలు నన్ను మోసింది.

ఎక్కుడు ముందు కంటికి కనపడదు,
తొడకు తెలుస్తాది.
గండికోట రోడ్డు మలుపు తిరిగి దాక్కుంటాది,
తిరిగితే ఇంకో మలుపు, ఇంకో ఎర్రబండ.
పొద్దు వీపు మీద.
నా నీడ నాకంటే ముందే ఎక్కిపోతాంది, సిగ్గులేకుండా.
మేకలు తోలుకుపోయే పిల్ల ఒకతి
పక్కనే నడుస్తా అడిగింది:
"దిగి తోసుకుంటే తొందరగా పోతావు గదా మామా?"
జవాబు చెప్పేదానికి ఊపిరి లేదు.
దిగలేదు.
ఎందుకు దిగలేదో ఇప్పటికీ చెప్పలేను.

వెనక హారన్.
పన్నెండు చక్రాల బండి తోలే దస్తగిరి
ఈ పొద్దు పందేనికి నీళ్ళ ట్యాంకరు తెచ్చినాడు.
కిటికీలోంచి తల బయటపెట్టి,
"ఓబులేసన్నా! నీ లోడెంత?"

తొక్కుతా లెక్కేసినా.
నలభై ఆరేండ్లు.
పరగడుపున చక్కెర రెండొందల పది.
రాత్రి షిఫ్టుల్లో పీల్చిన దుమ్ము, ఎన్ని బస్తాలో.
తూకం తగ్గించి రాయమని మేనేజరు చెప్పిన రాత్రి
నేను రాసిన చీటీ.
అరచేయంత కాగితం.
ఆ కాగితం చూపించే గదా
పెంచలయ్యను దొంగన్నారు,
తాళాలు గుంజుకుని గేటు బయటికి పంపినారు.
నేను కిటికీ లోపల కూర్చుని
తర్వాతి లారీని పిలిచినా.

కోటలో పరుగు, పరుగు కాదది.
మోకాళ్ళు వేరే ఎవరివో అయినాయి.
పాత ధాన్యాగారం చుట్టు తిరిగి
బండల మీద తూలుకుంటా
పెన్న అంచుదాకా పోయి వెనక్కి రావాల.
అంచున ఆగినా.
అంత లోతున పచ్చగా నీళ్ళు,
రాయిని కోస్తా కోస్తా దిగిన ఏరు,
తొందరపడిన గుర్తు యాడా లేదు.
టోపీ పెట్టుకున్న పిల్ల అరిచింది:
"అంకుల్, ఫోటోలు తర్వాత!"

చివరి నుంచి నాలుగోవాణ్ణి.
మెడలో ఏదో వేసినారు,
చేతిలో ఉగ్గాని పొట్లం పెట్టినారు.
దస్తగిరి ట్యాంకరు కొళాయి తిప్పి
నెత్తిన నీళ్ళు వదిలినాడు.
"ఇప్పుడెంత?"

నవ్వు రాలేదు.
"పెంచలయ్య యాడుండాడు రా ఇప్పుడు?"

కొళాయి కట్టేసినాడు.
నన్ను చూసినాడు, నీళ్ళు కారే నా చెప్పుల్ని చూసినాడు.
"తాడిపత్రిలో. టీ అంగడి."

ఉగ్గాని చల్లారిపోయింది,
పొట్లం మీద నూనె మరక పెద్దదవుతాంది.
ఆ దారిలో ఎక్కుడు ఎక్కువా అనడిగినా.
తువ్వాలతో మొహం తుడుచుకుంటా
"ఉందన్నా" అన్నాడు.