గాలిని తూచే పని

"ఏం పని నేర్చుకుంటున్నావ్?" అంటే
ఒక్క ముక్కలో చెప్పడం చేతకాలేదు చాన్నాళ్లు.
డాక్టర్ని కాను, జబ్బు కన్నా ముందు వెళ్లాలి.
పోలీసుని కాను, అయినా నన్ను చూసి
యజమానులు నేల కడిగిస్తారు.
చివరికి మా పిన్నితో అన్నాను:
గాలిని తూస్తాను.
"ఎవరు కొంటారే దాన్ని?" అంది.

యోయెన్సూ ఊళ్లో రొట్టెల బట్టీ. వేకువ మూడు.
బయట మంచు, లోపల పిండి.
మంచు చొక్కా మీద పడి కరిగిపోతుంది.
పిండికి ఆ మర్యాద తెలియదు.

రాతికైనెన్ గారి నడుముకి చిన్న పంపు కట్టాను.
కాలరు మీద, ముక్కుకి జానెడు దూరంలో
నాణెమంత వడపోత కాగితం.
నిమిషానికి రెండు లీటర్లు.
ఆయన పీల్చే గాలిలో దానికీ ఓ వాటా.
"నాకు దూడని కట్టావేంటమ్మా" అని నవ్వి,
నవ్వులోనే దగ్గి, పనిలో పడ్డాడు.

మా పెద్దావిడ ఇర్మెలి చెప్పి పంపింది:
అంకెలు రాసుకో, చేతుల్ని చూడు.

చూశాను.
భుజం ఎత్తు నుంచి, కన్నెత్తకుండా ఒక్క విసురు.
బల్లంతా పిండి, వెన్నెల పరిచినట్టు.
నలభయ్యొక్క ఏళ్ల విసురు అది.
కొత్త కుర్రాడు తానెలి
ఎవరూ లేనప్పుడు దాన్ని సాధన చేస్తాడట.
బల్ల మీద వాలని పిండి మాత్రం
దీపం చుట్టూ తిరుగుతోంది,
దిగడానికి తొందరేం లేనట్టు.

"ఆదివారాలు కూడా దగ్గొస్తుందా?"
ఆ చెయ్యి గాల్లోనే ఆగింది.
"సరస్సు మీద మంచుకి బెజ్జం పెట్టి
చేప కోసం పొద్దంతా కూర్చుంటా.
మైనస్ ఇరవైలో.
అక్కడ రాదు."
కాసేపాగి,
"ఇన్నాళ్లూ చలి వల్ల అనుకున్నానే" అన్నాడు.

ల్యాబులో త్రాసు ముందు ఊపిరి బిగబట్టాలి,
లేకపోతే తూకంలో నా ఊపిరీ కలుస్తుంది.
ఖాళీ కాగితం బరువు, వాడిన కాగితం బరువు.
తేడా చీమ కాలంత లేదు.
ఉండాల్సిన దానికి అది మూడింతలు.

చేయి దించండి. జల్లెడతో చల్లండి.
చీపురు మానేసి తడిగుడ్డ పెట్టండి.
పుస్తకంలో ఒకటిన్నర వాక్యం.
ఎదురుగా నిలబడి చెప్తుంటే
సంతకం మార్చుకోమన్నట్టుంది ఒక మనిషిని.
జల్లెడని గిలక్కాయలా పట్టుకు చూశాడు.
"దీంతో అయితే ఎవడైనా రొట్టెలవాడే."
ఆ రోజుకి మాటలు అంతే.

మార్చిలో మళ్లీ తూచాను.
తగ్గింది. చాలినంత కాదు.
గొట్టాలు బిగించాలి, యజమానితో పోట్లాట ఉంది.

పని దిగుతూ పంపు విప్పి నా చేతిలో పెట్టాడు:
"ఇప్పుడిక తూచవుగా?"
గుప్పెడు తీసుకుని, భుజం ఎత్తు నుంచి,
ఒక్కటంటే ఒక్కటి.
అందంగానే ఉంది. ఏం చెప్పను.

పిండి దిగుతుండగా
తానెలి ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఆ అడుగుని ఏ గడిలో రాయాలో
నాకింకా ఎవరూ నేర్పలేదు.