పది రూపాయల జాడీ

మా ఆయన పేరు సదానందం.
ఇల్లు మారే రోజు మాత్రం
ఆ పేరును ఏ మూటల కట్టిపెడతడో
దొరకదు.

పదకొండేండ్లల్ల ఇది ఆరో కిరాయిల్లు.
అయిదుసార్లు సామానుకంటె ముందుగాల లొల్లే బండెక్కింది.
మంచం బోల్టులు ఏడవెట్టినవ్ అని మొదలైతే
మా తమ్ముని పెండ్లిల పెట్టని బిందె దాకా,
ఆడినుంచి వాళ్ల మేనత్త దాకా.

ఈసారి రిషిత
ఖాళీ అయిన తొక్కు జాడీ కడిగి గడప పక్కన పెట్టింది.
"ఎవలు మొత్తుకుంటె వాళ్లు పది రూపాయలు."
నాలుగో తరగతి పోరి,
ఓట్లు లేకుండనే సర్పంచ్ అయింది.

ఆషాఢం ఇంకా రాలే, మంగళారం కాదు,
పంతులు ఒప్పుకున్నడు.
ఇంటామె ఒప్పుకోలే.
కనకలచ్చి పెద్దమ్మ గోడ గోడకూ తిరిగి
మేకుల బొందలు లెక్కపెట్టింది: పదిహేడు.
బొందకు ఇరవై పట్టుకుంటనన్నది.
నా నోరు తెరుచుకున్నది.
జాడీ కనబడ్డది.
మూసుకున్నది.

బీరువా జరిపితె దాని ఎనుక ఇంకో సంసారం:
రెండు జడపిన్నులు, కరోనా నాటి మాస్కు,
ఎన్నడో బతుకమ్మల నుంచి రాలిన బంతిపువ్వు,
ఎలుక తీస్కపోయిందని చెప్పిన రిషిత పాలపన్ను.
"మరి ఎలుక?" అన్నది పోరి.
అర్ధగంట పని ఆగింది.
ఆగినందుకు ఎవలూ మొత్తుకోలే.

డబ్బల మీద పేర్లు కూడ దానియే.
'అమ్మకు కోపం తెచ్చే గ్లాసులు.'
'నాన్న రేపు చదివే పుస్తకాలు.'
ఆఖరిది చిన్న డబ్బ, ఎర్ర స్కెచ్చుతోటి:
'ముందు నన్నే ఇప్పు.'
చాయ్‌పత్త, చక్కెర, మూడు గ్లాసులు, ఛార్జరు, పానా.

శివనగర్ దాటి యాకూబ్ భాయి ట్రాలీ
అండర్ బ్రిడ్జి కిందికి దిగిందో లేదో
ముందట బస్సు ఆగింది, ఎనుక మిర్చి బస్తాల లారీ.
ఘాటుకు అందరం తుమ్ముడే తుమ్ముడు.
బయలెల్లేటప్పుడు ఒక్క తుమ్ముకు కూసోవాలంటరు,
గిన్ని తుమ్ములకు ఏం చెయ్యాల్నో
ఏ పంచాంగంల ఉన్నది?

అప్పుడు చూసిన.
బీరువా అద్దం బయటి దిక్కు తిరిగి, కొంచెం వాలి ఉన్నది.
అండ్ల కాజీపేట దిక్కు పోయే రైలు
పెట్టె ఎనుక పెట్టె జారుతున్నది.
బండి మీది పోరడు దువ్వెన తీసి క్రాపు దువ్వుకున్నడు.
ఆటోల పెద్దమనిషి మీసం దిద్దుకున్నడు.
ఆయన పక్కన ముసలామె బొట్టు సవరించుకోని
"ఇల్లు మారుతున్నరా బిడ్డా, సల్లగుండుండ్రి" అన్నది,
అద్దంల ఉన్న నన్ను చూసి.

ఇన్నేండ్లు మా మూడు మొకాలే చూసి
యాష్టకొచ్చిందేమో అద్దం,
ఆ పొద్దు వరంగల్ మొత్తం చూసుకున్నది.
సదానందం కిసుక్కున నవ్విండు.
ఏ మూటల నుంచి జారిందో పేరు.

దేశాయిపేటల రెండో అంతస్తు.
మెట్ల మలుపు కాడ మంచం తిరగలే, నలభై.
కరివేపాకు చెట్టున్న పెయింటు బకెట్ నేనే ఒలకబోసిన, ఇరవై.
అన్నీ ఉన్న చిన్న డబ్బల అగ్గిపెట్టె లేదు.
కిందింటామె లైటర్ తెచ్చి
పాలు పొంగేదాకా గుమ్మంల నిలబడ్డది.
ఆమె పేరు అడుగుడు మరిచిన.

జాడీ బోర్లిస్తె నూటా ముప్పై.
లెక్క తప్పని వాదించి మా ఆయన ఇంకో పది ఏసిండు.
మిర్చి బజ్జీలు వచ్చినయి, ఉల్లిగడ్డలు ఫ్రీగ.
ఇప్పని డబ్బల నడుమ
పేపర్ పరుచుకోని తిన్నం.

రాత్రి దూపకు లేచిన.
చెయ్యి అలవాటుగ ఎడమదిక్కు స్విచ్చి కోసం పోయింది.
ఆడ ఉత్త గోడ,
మేకు బొంద ఒక్కటి లేదు.
కాలి బొటనవేలు పోయి 'నాన్న రేపు చదివే పుస్తకాల'కు కొట్టుకున్నది.
నా నోట్ల నుంచి ఏం మాట ఎల్లిందో
ఇక్కడ రాయ.

చీకట్ల, దుప్పటి కింది నుంచి, సగం నిద్రల:
"అమ్మా, పది రూపాయలు."